ఏటి లెక్క రాసే ఉద్యోగం: కొలరాడో గండ్లలో నీటి ప్రవాహం కొలిచేవారి పని



ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టే మన పిల్లల్లో నూటికి తొంభై మంది 'మీరు ఏమి కావాలనుకుంటున్నారు?' అన్న గడిలో ఇంజనీరు, డాక్టరు, సాఫ్ట్‌వేరు అని రాస్తుంటారు. తప్పు లేదు. అయితే లోకంలో ఇంకా ఎన్నో గౌరవప్రదమైన ఉద్యోగాలున్నాయి. పేరు కూడా వినకపోవడం వల్లనే వాటి వైపు మనవాళ్లు వెళ్లడం లేదు. అటువంటి వాటిలో ఒకటి ఫీల్డ్ హైడ్రాలజీ టెక్నీషియన్ ఉద్యోగం. తెలుగులో చెప్పాలంటే, నది ఒడ్డుకు స్వయంగా వెళ్లి నీటి మట్టాన్ని, ప్రవాహాన్ని కొలిచి, పుస్తకంలో రాసి, ఆ లెక్కకు బాధ్యత వహించే మనిషి. ఈ పని అన్నిటికంటే కష్టంగా ఉండే చోటు, అంటే అమెరికా నైరుతి భాగంలోని ఎడారి గండ్లను ఉదాహరణగా తీసుకుని ఈ పాఠం రాస్తున్నాను. కొండను నది నిలువునా కోసుకుంటూ పోయిన చోటును మనం గండి అంటాము. కడప జిల్లాలో పెన్నా మీద ఉన్న గండికోటను చూసినవారికి ఆ రూపం తెలుసు. దానిని ఎన్నో రెట్లు పెంచి ఊహించుకుంటే కొలరాడో నది గండ్లు అర్థమవుతాయి.

1. నది, ప్రదేశం

కొలరాడో నది పొడవు సుమారు 2,330 కిలోమీటర్లు. రాకీ పర్వతాల మంచు కరిగిన నీరే దీనికి ముఖ్య ఆధారం. ఆరిజోనా రాష్ట్రంలో ఇది గ్రాండ్ కాన్యన్ గుండా 446 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. ఆ గండి లోతు కొన్ని చోట్ల కిలోమీటరున్నర దాటుతుంది. ఈ గండి మొదలయ్యే చోట లీస్ ఫెర్రీ అనే రేవు ఉంది. అటూ ఇటూ వందల కిలోమీటర్ల మేర నది నిట్టనిలువు రాతి గోడల మధ్య ఉండగా, బండ్లు నీటి దాకా దిగగలిగిన అరుదైన చోటు అది. అందువల్లనే పూర్వం అక్కడ పడవ రేవు వెలిసింది. 1921 మే నెలలో అక్కడే ప్రవాహం కొలిచే కేంద్రం మొదలైంది.

ఈ పని చేసే సంస్థ అమెరికా భూగర్భ సర్వే. 1879లో స్థాపించారు. దాని రెండవ డైరెక్టరు జాన్ వెస్లీ పవెల్. అంతర్యుద్ధంలో కుడి చేయి పోగొట్టుకున్న ఈయన 1869లో చెక్క పడవల మీద కొలరాడో గండ్ల గుండా ప్రయాణం చేశాడు. ఆయన హయాంలోనే న్యూ మెక్సికోలోని ఎంబుడో వద్ద, రియో గ్రాండే నది మీద, కొందరు యువకులకు ప్రవాహం కొలవడంలో శిక్షణ ఇచ్చి 1889లో ఆ సంస్థ మొట్టమొదటి గేజి కేంద్రాన్ని ప్రారంభించారు. నేడు ఆ సంస్థకు దేశమంతటా ఎనిమిది వేలకు పైగా గేజి కేంద్రాలు ఉన్నాయి.

2. ప్రవాహం ఎలా కొలుస్తారు?

సూత్రం చాలా సులువు. ప్రవాహం అంటే నీటి అడ్డుకోత వైశాల్యాన్ని వేగంతో గుణించగా వచ్చేది. కష్టమంతా నది అంతటా లోతు, వేగం ఒకేలా ఉండకపోవడంలో ఉంది. ఒడ్డున నీరు నెమ్మదిగానూ, నడుమ వేగంగానూ పోతుంది. పైన వేగం ఎక్కువ, అడుగున తక్కువ.

అందుకని నదికి అడ్డంగా ఒక టేపు కట్టి, వెడల్పును 25 నుండి 30 భాగాలుగా విభజిస్తారు. ప్రతి భాగంలోనూ లోతు కొలుస్తారు. లోతు రెండున్నర అడుగుల లోపు ఉంటే, పై నుండి లోతులో పదింట ఆరవ వంతు దగ్గర వేగం తీసుకుంటారు. అంతకు మించితే పదింట రెండు, పదింట ఎనిమిది వంతుల దగ్గర రెండుసార్లు కొలిచి సగటు వేస్తారు.

వేగం కొలిచే పాత సాధనం ప్రైస్ మీటరు. ఆరు చిన్న గిన్నెలున్న చక్రం నీటిలో తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు చెవిలో 'టక్' మని శబ్దం వస్తుంది. కనీసం 40 సెకన్ల పాటు ఎన్ని శబ్దాలు వచ్చాయో లెక్కపెట్టాలి. ఇప్పుడు చాలాచోట్ల నీటిలోకి శబ్ద తరంగాలు పంపి, నీటిలో తేలే రేణువులను తాకి తిరిగి వచ్చిన ధ్వనిలోని మార్పును బట్టి వేగం తెలిపే డాప్లర్ యంత్రాలు వాడుతున్నారు. చిన్న పడవకు కట్టి ఒడ్డు నుండి ఒడ్డుకు లాగితే సరిపోతుంది. సాధనం మారినా సూత్రం మాత్రం అదే.

ఒక చిన్న ఏరును తీసుకుని లెక్క చేద్దాము. వెడల్పు 10 మీటర్లు. సులువు కోసం 2 మీటర్ల చొప్పున అయిదు భాగాలే చేద్దాము.

మొదటి భాగం: లోతు 0.3 మీటరు, వేగం సెకనుకు 0.2 మీటరు. ప్రవాహం 2 × 0.3 × 0.2 = 0.12
రెండవ భాగం: 2 × 0.6 × 0.5 = 0.60
మూడవ భాగం: 2 × 0.8 × 0.7 = 1.12
నాలుగవ భాగం: 2 × 0.5 × 0.4 = 0.40
అయిదవ భాగం: 2 × 0.2 × 0.1 = 0.04
మొత్తం: సెకనుకు 2.28 ఘనపు మీటర్లు.

ఇందులో నడిమి భాగం ఒక్కటే మొత్తంలో దాదాపు సగం. అక్కడ వేగం కొలవడంలో నూటికి పది వంతులు పొరపాటు జరిగితే మొత్తం లెక్కలో సుమారు అయిదు వంతులు తేడా వస్తుంది. అందుకే 25, 30 భాగాలు చేయాలి, ఏ ఒక్క భాగంలోనూ మొత్తం ప్రవాహంలో పదవ వంతుకు మించి ఉండకూడదు అని నియమం పెట్టారు. నియమం వెనుక ఉన్న కారణం తెలిస్తే అది ఎప్పటికీ మరిచిపోము.

ఈ చిన్న ఏరు ఇదే విధంగా పారితే రోజుకు 1,96,992 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. ఒక టి.ఎం.సి. అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. కావున ఒక టి.ఎం.సి. నిండడానికి దీనికి సుమారు 144 రోజులు పడుతుంది. పత్రికలలో టి.ఎం.సి.లు చదివేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి.

3. మట్టం నుండి ప్రవాహానికి

రోజంతా ఎవరూ నదిలో నిలబడి కొలవలేరు. అందువల్ల కేంద్రంలోని యంత్రం ప్రతి 15 నిమిషాలకు నీటి మట్టాన్ని మాత్రమే నమోదు చేసి, ఉపగ్రహం ద్వారా పంపుతుంది. టెక్నీషియన్ ఆరు నుండి ఎనిమిది వారాలకొకసారి, వరదలప్పుడు అదనంగా, వెళ్లి పై పద్ధతిలో ప్రవాహం కొలుస్తాడు. ఫలానా మట్టానికి ఫలానా ప్రవాహం అని ఇలా కొలిచిన అంకెలను గ్రాఫు మీద గుర్తించి, వాటి గుండా గీసిన గీతను రేటింగ్ కర్వ్ అంటారు. ఆ గీత సాయంతో మట్టాన్ని ప్రవాహంగా మారుస్తారు.

ఎడారి ఏళ్లలో చిక్కు ఇక్కడే ఉంది. వాటి అడుగు ఇసుక. ఒక్క వరదకు అడుగు కోసుకుపోవచ్చు, లేదా మేట వేయవచ్చు. నిన్నటి మట్టమే నేడు కనబడినా ప్రవాహం అదే కాకపోవచ్చు. మళ్లీ కొలిచి గీతను సవరించకపోతే యంత్రం రోజుకు 96 సార్లు తప్పు చెబుతూనే ఉంటుంది. ఆ తప్పును పట్టగలిగేది అక్కడికి వెళ్లిన మనిషి మాత్రమే. అదే విధంగా గేజి బల్ల కుంగిందా, వరదకు వంగిందా అన్నది ఒడ్డు రాతి మీద గుర్తు పెట్టిన స్థిరమైన మట్టాలతో సర్వే చేసి సరిచూడాలి. ఆరంభపు నిల్వ తప్పితే ఆపై పేజీలన్నీ తప్పే కదా!

4. గండిలో పనిచేయడం

గేజి కేంద్రాలు కొన్నింటికి జీపు పోతుంది. కొన్నింటికి నడిచి దిగాలి, కొన్నింటికి పడవ మీదనో, హెలికాప్టరులోనో వెళ్లాలి. గ్రాండ్ కాన్యన్ అడుగున వేసవిలో ఎండ 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటడం మామూలు. పెద్ద నదిలో దిగడం కుదరదు గనుక, రెండు ఒడ్లకు ఉక్కు తీగ కట్టి, దాని మీద కదిలే తొట్టిలో కూర్చుని నది నడుమకు వెళ్లి, బరువు కట్టిన మీటరును కిందికి దించుతారు. లీస్ ఫెర్రీ వద్ద అటువంటి తీగ మార్గం ఉంది.

చిన్న ఏళ్లలో దిగి కొలిచేటప్పుడు సాధారణంగా పాటించే ఒక సూత్రం ఉంది. అడుగులలో లోతును, సెకనుకు అడుగులలో వేగాన్ని గుణించగా 10 లేదా అంతకు మించి వస్తే దిగకూడదు. లైఫ్ జాకెట్ లేకుండా అసలే దిగకూడదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మెరుపు వరద. ఎడారి నేల రాతిమయం. వాన నీరు ఇంకదు, ఒక్కసారిగా సన్నని గండిలోకి దూకుతుంది. 1997 ఆగస్టు 12న ఆరిజోనాలోని యాంటిలోప్ గండిలో వరద వచ్చి 11 మంది పర్యాటకులు చనిపోయారు. వాన కురిసింది వారున్న చోట కాదు, మైళ్ల దూరంలో ఎగువన. నెత్తి మీద ఆకాశం చూసి ధైర్యం తెచ్చుకునే చోటు అది కాదు. కాబట్టి టెక్నీషియన్ బయలుదేరే ముందు ఎగువ ప్రాంతపు వాతావరణం చూస్తాడు, ఎక్కడికి వెళ్తున్నాడో ఎప్పటికి వస్తాడో ఆఫీసులో చెబుతాడు, గండిలో దిగిన తరువాత పైకి ఎక్కగల దారి ముందుగా చూసుకుంటాడు.

అటువంటి వరద వచ్చిన గంటలో అక్కడ ఎవరూ ఉండరు. అయినా దాని లెక్క కావాలి. వరద తగ్గిన తరువాత వెళ్లి, గోడల మీద బురద గీత, చిక్కుకున్న పుల్లలు, గింజలు ఎక్కడిదాకా ఉన్నాయో గుర్తిస్తారు. ఆ గుర్తులకు సర్వే చేసి నీటి వాలు, అడ్డుకోత తెలుసుకుంటారు. అడుగు ఎంత గరుకుగా ఉందో అంచనా వేసి, మానింగ్ సూత్రంతో ప్రవాహం లెక్కిస్తారు. కొన్ని చోట్ల నిలువు గొట్టంలో కొంచెం బెండు పొడి వేసి ఉంచుతారు. వరద ఎంత ఎత్తుకు వచ్చిందో అక్కడ లోపలి కర్రకు ఆ పొడి అంటుకుని సాక్ష్యం చెబుతుంది. కొన్ని రూపాయల సాధనమే, కాని నమ్మకమైనది.

నీటితో పాటు ఇసుక లెక్క కూడా ఉంది. లీస్ ఫెర్రీకి సుమారు 25 కిలోమీటర్ల ఎగువన గ్లెన్ కాన్యన్ ఆనకట్ట ఉంది. 1963లో నీరు నిలపడం మొదలైన నాటి నుండి ఎగువ ఇసుక దాని వెనుకనే ఆగిపోతున్నది. దిగువన ఇసుక దిబ్బలు తరిగిపోయాయి. ఇక ఇసుక తెచ్చేవి పరియా, లిటిల్ కొలరాడో వంటి ఉపనదులే. వాటి నీటిని సీసాలలో పట్టి, ఎంత ఇసుక వచ్చిందో తూచి, తగినంత చేరినప్పుడు ఆనకట్ట నుండి కృత్రిమ వరద వదలి దిబ్బలను తిరిగి కట్టే ప్రయోగం 1996లో మొదలైంది. అప్పుడు వదిలిన నీరు 45,000 క్యూసెక్కులు.

5. చిన్న లెక్క మీద పెద్ద వాగ్దానం

ఇంత శ్రమ ఎందుకు అని మీరు అడగవచ్చు. జవాబు 1922లో ఉంది. ఆ సంవత్సరం నవంబరులో ఏడు రాష్ట్రాలు కొలరాడో నీటిని పంచుకునే ఒప్పందం చేసుకున్నాయి. లీస్ ఫెర్రీ దగ్గరి ఒక బిందువును హద్దుగా పెట్టి, ఎగువ రాష్ట్రాలకు ఏటా 75 లక్షల ఎకరా అడుగులు, దిగువ రాష్ట్రాలకు అంతే అని నిర్ణయించారు. మన లెక్కలో ఒక్కొక్కరికి సుమారు 327 టి.ఎం.సి.లు. 1944లో మెక్సికోకు మరో 15 లక్షల ఎకరా అడుగులు, అంటే సుమారు 65 టి.ఎం.సి.లు ఇస్తామని సంధి చేశారు. వెరసి 719 టి.ఎం.సి.ల వాగ్దానం.

నదిలో నీరెంత? ఒప్పందం నాటికి లీస్ ఫెర్రీ కేంద్రం వయసు ఏడాదిన్నర మాత్రమే. దిగువన యూమా వంటి చోట్ల ఉన్న సుమారు ఇరవై ఏళ్ల కొలతలే ఆధారం. వాటిని బట్టి ఏటా 700 టి.ఎం.సి.లకు పైనే వస్తాయనుకున్నారు. కాని ఆ ఇరవై ఏళ్లు అసాధారణంగా వానలు కురిసిన ఏళ్లు. ఆ సంగతి 1976 నాటికి, చెట్ల కాండంలోని వలయాలను పరిశీలించి శాస్త్రవేత్తలు నిర్ధారించారు. ఇరవయ్యవ శతాబ్దపు సగటు సుమారు 650 టి.ఎం.సి.లు మాత్రమే. 2000 సంవత్సరం తరువాతి రెండు దశాబ్దాలలో అది సుమారు 540కి పడిపోయింది.

హెచ్చరించినవారు లేకపోలేదు. 1893లో లాస్ ఏంజిలిస్‌లో జరిగిన నీటిపారుదల సభలో, ఈ భూములన్నిటికీ చాలినంత నీరు లేదని పవెల్ చెబితే సభికులు గేలి చేశారు. భూగర్భ సర్వే ఇంజనీరు లారూ 1916 నివేదికలో, పరివాహకంలో సాగుకు పనికివచ్చే భూమి అంతటికీ నీరు చాలదని రాశాడు. కొలిచినవారి మాట వినకుండా, కోరుకున్న అంకె మీద వాగ్దానం చేశారు. నాలుగైదు మంచి నెలల జీతం చూసి జీవితాంతం వాయిదాలకు సంతకం పెట్టినట్లయింది. దాని ఫలితం నాలుగు కోట్ల మంది అనుభవిస్తున్నారు. 2021 ఆగస్టులో చరిత్రలో మొదటిసారి ఆ నదిపై అధికారికంగా నీటి కొరత ప్రకటించి, 2022లో ఆరిజోనా రైతుల వాటా కోశారు.

దీనిని మన కృష్ణ పంపకంతో పోల్చి చూడండి. బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుండి 1971-72 దాకా 78 సంవత్సరాల ప్రవాహాన్ని పరిశీలించి, సగటును కాక, నాలుగేళ్లలో మూడేళ్లు తప్పక వచ్చే నీటిని, అంటే 75 శాతం నమ్మకం గల 2,060 టి.ఎం.సి.లను ఆధారం చేసుకుంది. అందులో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, నాటి ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. తగవులు తీరలేదు, అది వేరే సంగతి. కాని 78 ఏళ్ల పాటు ఎండనక వాననక మట్టం రాసిన పేరు తెలియని ఉద్యోగులే లేకుంటే ఆ పంపకానికి ఆధారమే లేదు.

6. లెక్కకు నిజాయితీ

నేను బ్యాంకులో క్లర్కుగా పనిచేసిన వాణ్ణి గనుక ఈ ఉద్యోగంలో నన్ను ఆకట్టుకున్నది ఒక పద్ధతి. అక్కడ లెక్క ఒకరు తయారు చేస్తారు, రెండవవారు పరిశీలిస్తారు, మూడవవారు ఆమోదిస్తారు. ఆమోదం పొందేదాకా ప్రతి అంకె పక్కన 'తాత్కాలికం' అని రాసి ఉంటుంది. లెక్కల సంవత్సరం అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది.

మరొకటి, కొలిచిన మనిషే తన కొలతకు తరగతి ఇవ్వాలి. రెండు శాతం లోపు తేడా ఉండగలదనుకుంటే 'శ్రేష్ఠం', అయిదు శాతం లోపు అయితే 'మంచిది', ఎనిమిది శాతం లోపు అయితే 'ఫరవాలేదు', అంతకు మించితే 'బాగాలేదు' అని తన చేతితో రాయాలి. ఎండలో మూడు గంటలు కష్టపడి చేసిన పనికి 'బాగాలేదు' అని తానే రాసుకోవడం చిన్న విషయం కాదు. కాని ఆ మాట ఉన్నందువల్లనే మిగతా పేజీలను లోకం నమ్ముతుంది. ఎవరూ చూడని గండి అడుగున, ఒంటరిగా, చూసింది చూసినట్లు రాయగలవారికే ఈ ఉద్యోగం.

7. మన పిల్లలకు దారి

అమెరికా భూగర్భ సర్వే ఉద్యోగాలు సాధారణంగా ఆ దేశ పౌరులకే. అక్కడ స్థిరపడిన మన బంధువుల పిల్లలకు ఈ విషయం చెప్పండి. టెక్నీషియన్ మొదటి మెట్టుకు నాలుగేళ్ల డిగ్రీ తప్పనిసరి కాదు. రెండేళ్ల కళాశాల చదువుతోనో, తగిన అనుభవంతోనో చేరవచ్చు. హైడ్రాలజిస్టు కావాలంటే మాత్రం డిగ్రీ, గణితం, భౌతికశాస్త్రం కావాలి.

మన దేశంలో ఇదే పని కేంద్ర జల సంఘం, కేంద్ర భూగర్భ జల బోర్డు, రాష్ట్రాల జలవనరుల శాఖలు చేస్తున్నాయి. సివిల్ డిప్లొమా లేదా బి.ఇ. చదివినవారు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి జూనియర్ ఇంజనీరు పరీక్ష ద్వారా జల సంఘంలో చేరవచ్చు. పై చదువుకు రూర్కీ ఐ.ఐ.టి.లో హైడ్రాలజీ విభాగం ఉంది. ఆ ఊళ్లోనే 1978లో స్థాపించిన జాతీయ హైడ్రాలజీ సంస్థ ఉంది. పూణేలో ఉన్న జాతీయ జల అకాడమీ ఉద్యోగంలో చేరినవారికి శిక్షణ ఇస్తుంది.

మనలో చాలా కుటుంబాలు తరాల క్రితం బ్రతుకుతెరువు కోసం ఊళ్లు విడిచినవే. నీరున్న చోటికే మన పెద్దలు వలస వెళ్లారు. ఆ నీటి లెక్క నిజాయితీగా రాసేవారు మన పిల్లల్లో ఒకరిద్దరైనా తయారు కావాలని కోరుకుంటున్నాను. కావలసినవి పదవ తరగతి గణితం మీద పట్టు, ఈత, ఓపిక, సత్యం రాసే అలవాటు. మొదటి మూడూ నేర్పించవచ్చు. నాలుగవది ఇంట్లోనే అలవడాలి.

అభ్యాసం

1. ఒక కాలువ వెడల్పు 8 మీటర్లు, 2 మీటర్ల చొప్పున నాలుగు భాగాలు. లోతులు 0.4, 0.7, 0.6, 0.3 మీటర్లు. వేగాలు వరుసగా సెకనుకు 0.3, 0.6, 0.5, 0.2 మీటర్లు. ప్రవాహమెంత? రోజుకు ఎంత నీరు?
2. ఏరు లోతు 3 అడుగులు, వేగం సెకనుకు 4 అడుగులు. దిగవచ్చునా?
3. 1922 ఒప్పందం ప్రకారం ఏ వరుస పదేళ్లలోనైనా లీస్ ఫెర్రీ దిగువకు చేరే నీరు 750 లక్షల ఎకరా అడుగులకు తగ్గేలా ఎగువవారు వాడుకోకూడదు. తొమ్మిదేళ్లలో 690 లక్షలు చేరితే పదవ ఏట కనీసం ఎంత చేరాలి?

జవాబులు: 1. సెకనుకు 1.80 ఘనపు మీటర్లు. రోజుకు 1,55,520 ఘనపు మీటర్లు. 2. దిగకూడదు, గుణిస్తే 12 వస్తుంది. 3. 60 లక్షల ఎకరా అడుగులు.